చాదస్తం అని వదిలేయకండి: పెద్దవాళ్ల మతిమరుపులో వయసు వాటా ఎంత, మిగతా వాటా దేనిది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీరు విజయనగరంలో ఉద్యోగం చేస్తున్నారు, అమ్మానాన్నలు పొందూరు దగ్గర ఊళ్లో ఉంటున్నారు. నాన్నగారికి 76 ఏళ్లు, జూట్ మిల్లులో చేసి రిటైరయ్యారు, బీపీ, షుగర్ ఉన్నాయి. చెప్పిన మాటే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఈ నెల్లాళ్లుగా రాత్రిళ్లు తికమకపడుతున్నారు. అమ్మగారికి 71, నాలుగో తరగతి దాకా చదివారు, ఇప్పటికీ నూలు వడుకుతారు. ఈమధ్య కూరలో ఉప్పు రెండుసార్లు పడుతోంది, పేర్లు వెంటనే నోటికి రావట్లేదు. అదే ఇంట్లో పెద్దమ్మ 84 ఏళ్ల వయసులో ఏ మడికి ఎన్ని కుంచాల విత్తనం పోసేవారో తడుముకోకుండా చెబుతుంది. ఈ తేడా ఎందుకు, ఇది వంశంలో ఉందా, ఏ మందు వాడాలి అని మీ ప్రశ్న.

అన్నిటికీ జవాబు రాస్తాను. ముందు నాన్నగారి రాత్రి తికమక సంగతి చూడాలి. మిగతాది తీరిగ్గా చదవచ్చు, ఇది ఆగదు.

మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్లు తీసుకుని మెల్లగా ముదురుతుంది. రోజుల్లో మొదలై, పగలు కాస్త తేటగా ఉండి, పొద్దుగూకేసరికి పెరిగే తికమక వేరే జాతి. వైద్యులు దీన్ని డెలీరియం అంటారు. ఒంట్లో ఇంకెక్కడో ఏదో చెడితే ఆ సంగతి ముందు మెదడులో బయటపడుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో నిమ్ము, నాలుగైదు రోజుల మలబద్ధకం, ప్రోస్టేట్ పెరిగి మూత్రం పూర్తిగా దిగకపోవడం, నీళ్లు సరిపడా తాగకపోవడం, షుగర్ పడిపోవడం, కొత్తగా మొదలెట్టిన మాత్ర, వీటిలో ఏదైనా కావచ్చు. ఈ వయసులో ఇన్ఫెక్షన్ వచ్చినా ఒళ్లు వేడెక్కకపోవచ్చు. కాబట్టి జ్వరం లేదు కదా అని ఆగకండి.

ఇంకో రెండు సంగతులు ప్రత్యేకంగా అడగండి. గత రెండు మూడు నెలల్లో ఎక్కడైనా జారి పడ్డారా? వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. అప్పుడు పుర్రెకూ మెదడుకూ మధ్య ఉండే సన్నటి సిరలు బిగిసి ఉంటాయి, చిన్న దెబ్బకే తెగుతాయి. నెత్తురు చుక్కచుక్కగా చేరి, వారాల తర్వాత తికమకగా, మత్తుగా, నడకలో తూలుడుగా బయటపడుతుంది. గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడేవాళ్లకి ఈ ముప్పు ఎక్కువ. సీటీ స్కాన్‌లో తెలిసిపోతుంది, నెత్తురు తీసేస్తే చాలామంది తేరుకుంటారు. రెండోది సోడియం. బీపీ మాత్ర పేరు చివర హెచ్ అనో సీటీ అనో ఉంటే అందులో చాలావరకు మూత్రం ఎక్కువ పోయించే మందు కలిసి ఉంటుంది. అది వాడుతూ, బీపీకని ఉప్పు బాగా తగ్గించి, ఎండాకాలం చెమటలు కారుతుంటే నెత్తుటిలో సోడియం పడిపోతుంది. ఉండాల్సింది 135 నుంచి 145. అది 125 కిందికి దిగితే మనిషి ఎక్కడున్నాడో తెలియనంత తికమక రావచ్చు. చిన్న నెత్తుటి పరీక్షతో తేలే విషయాన్ని ఇంట్లో చాదస్తం అని తిట్టుకుంటూ వారాలు గడిపేస్తారు. ఈ వారంలోనే చూపించండి. పిలిస్తే సరిగ్గా పలకకపోయినా, మాట తడబడినా, ఒక వైపు చెయ్యి కాలు పట్టు తప్పినా అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక అసలు ప్రశ్న. వయసుతో ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు?

వేగం తగ్గుతుంది. అది ముప్పైల్లోనే మెల్లగా మొదలవుతుంది, అరవై దాటాక పైకి తెలుస్తుంది. ఒకేసారి రెండు పనులు చూసుకోవడం, కొత్త సంగతిని పట్టి నిలుపుకోవడం, పేరు చప్పున తట్టడం కష్టమవుతాయి. పేరు నాలుక చివరే ఆడుతుంది, పది నిమిషాలకి దానంతటదే వస్తుంది. మాటల సంపద, లోకజ్ఞానం, మనిషిని అంచనా వేయడం, ఏళ్ల తరబడి చేసిన పని మాత్రం డెబ్బైల దాకా దాదాపు అలాగే ఉంటాయి. 1956లో అమెరికాలోని సియాటిల్‌లో వార్నర్ షాయ్ మొదలుపెట్టిన అధ్యయనం ఏడేళ్లకోసారి అదే మనుషుల్ని మళ్లీ పరీక్షించింది. సగటున చూస్తే చాలా సామర్థ్యాలు అరవై తర్వాతే తగ్గుముఖం పట్టాయి, అందరిలో ఒకేలా తగ్గలేదు. మనకి ఎక్కువ పనికొచ్చేది అందులోని ఇంకో సంగతి. ఒకే రోజు ఇరవై ఏళ్లవాణ్ణీ డెబ్బై ఏళ్లవాణ్ణీ పక్కపక్కన పెట్టి పోలిస్తే వయసు ప్రభావం ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. ఎందుకంటే ఆ ఇద్దరి చదువులు, పెరిగిన కాలాలు వేరు. ఇంటర్ చదివే మనవడు ఫోన్ నొక్కే వేగంతో నాలుగో తరగతి చదివిన నానమ్మను పోల్చి, ఆమెకు బుర్ర తగ్గిందనుకోవడం తప్పు. ఆమెను పదేళ్ల కిందటి ఆమెతోనే పోల్చాలి.

60 దాటినవాళ్లలో డిమెన్షియా, అంటే రోజువారీ పనులు సాగనంతగా మతి దెబ్బతినడం, మన దేశంలో నూటికి 7.4 మందికి ఉందని 2023లో వచ్చిన జాతీయ స్థాయి అంచనా. అంటే తొంభై మందికి పైగా ఆ జబ్బు లేనివాళ్లే. ముసలితనం అంటే మతి పోవడమే అన్న మాట లెక్కకు నిలబడదు.

పెద్దమ్మకూ నాన్నగారికీ తేడా ఎందుకు? మొదటి కారణం మొదలే వేరుగా ఉండడం. 1932 జూన్ 1న స్కాట్లాండ్‌లో 11 ఏళ్ల పిల్లలు 87 వేల మందికి పైగా ఒకే పరీక్ష రాశారు. వాళ్లలో బతికి ఉన్న కొందరికి ముసలితనంలో అదే పరీక్ష మళ్లీ పెట్టారు. పెద్ద వయసులో ఒకరికీ ఇంకొకరికీ మధ్య కనిపించిన తేడాల్లో దాదాపు సగం, పదకొండో ఏట ఉన్న తేడాలతోనే ముడిపడి ఉంది. మిగతా సగంలోనే బతికిన బతుకంతా ఉంది: చదువు, పని, రక్తనాళాల ఆరోగ్యం, చెవి, కన్ను, నిద్ర, మందులు, మనుషులు.

రెండోది నిల్వ. గాదె నిండా ధాన్యం ఉన్న ఇంట్లో ఒక పంట పోయినా పొయ్యి ఆరదు. మెదడుకీ అలాంటి నిల్వ ఉంటుంది. లోపల కొంత దెబ్బతిన్నా, నిల్వ ఉన్నవాళ్లలో అది పైకి ఆలస్యంగా కనిపిస్తుంది. బడి చదువు ఈ నిల్వను పెంచుతుంది. బడి ఒక్కటే కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, అక్షరం రానివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. ఇచ్ఛాపురం, మందస వైపు తెలుగూ ఒడియా కలిపి మాట్లాడే ముసలమ్మలకీ, సీతంపేట దగ్గర సవర, తెలుగు రెండూ వచ్చినవాళ్లకీ ఇది వర్తించే సంగతే. ఇది గమనించి చెప్పిన ఫలితం, ప్రయోగం చేసి నిరూపించినది కాదు. అందువల్ల డెబ్బై ఏళ్లకి కొత్త భాష నేర్పించి జబ్బు ఆపవచ్చని దీన్నుంచి అనుకోకూడదు. మీ పెద్దమ్మ జీవితమంతా విత్తనం, కూలి, అప్పు, వడ్డీ లెక్కలు నోటితోనే నడిపి ఉంటే, ఆమె గాదె కూడా అలాగే నిండి ఉంటుంది.

వంశం సంగతి కొద్దిగానే చెబుతాను. ఏపీఓఈ-4 అనే జన్యువు ముప్పు పెంచుతుంది. అది ఉన్న అందరికీ జబ్బు రాదు, లేనివాళ్లకీ వస్తుంది. తప్పకుండా జబ్బు తెచ్చే జన్యువులు చాలా అరుదు, అవి సాధారణంగా 60, 65 లోపే బయటపడతాయి. మీ ఇంట్లో అలాంటి చరిత్ర లేకపోతే జన్యు పరీక్షకి డబ్బు పెట్టకండి. ఆ డబ్బు చెవి పరీక్షకి పెట్టండి.

చెవి గురించి ఎక్కువ రాస్తున్నాను, మీ నాన్నగారు చెప్పిన మాటే మళ్లీ మళ్లీ అడగడం విషయంలో నాకు మొదటి అనుమానం అక్కడే. మగ్గాల హోరులో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకి చెవి అంతా ఒకేసారి పోదు. ముందు సన్నటి, పైస్థాయి శబ్దాలు పోతాయి. తెలుగులో అచ్చులు బరువుగా వినిపిస్తాయి, స, ష, క, త లాంటి హల్లులు సన్నగా ఉంటాయి. అంచేత ఆయనకి మాట వినిపిస్తుంది, కానీ అది పాలో తాళమో పోల్చుకోలేరు. మగవాళ్ల బొంగురు గొంతు తెలుస్తుంది, కోడలి గొంతు, చంటిపిల్లల గొంతు అందవు. పదం పట్టుకోవడానికే మెదడు శక్తంతా ఖర్చయితే, గుర్తుపెట్టుకోవడానికి ఏం మిగులుతుంది? సగం విన్న మాటను మళ్లీ అడిగితే మనం మతిమరుపు అంటాం. తర్వాత ఆయనే నలుగురిలో కూర్చోవడం మానేస్తారు. అలా ఒంటరితనం, దాని వెనకాల దిగులు చేరతాయి.

ఇంట్లో ఇలా పరీక్షించండి. ఆయన వెనక రెండడుగుల దూరంలో నిలబడండి, పెదాలు కనిపించకూడదు. ఒక చెవి ముందున్న చిన్న కండను ఆయన్నే వేలితో నొక్కి ఆడిస్తూ ఉండమనండి. మీరు ఊపిరి పూర్తిగా వదిలేసి, గుసగుసగా మూడు అంకెలు చెప్పండి: ఏడు, రెండు, తొమ్మిది. తప్పు చెబితే వేరే మూడు అంకెలతో ఇంకోసారి. రెండుసార్లూ కలిపి ఆరింటిలో మూడు కూడా చెప్పలేకపోతే ఆ చెవి పరీక్ష చేయించాలి. రెండో చెవికీ ఇలాగే. చెవిలో కాచిన నూనె పోయకండి, పుల్ల పెట్టకండి. గుబిలి గట్టిపడి ఉంటే ఈఎన్‌టీ డాక్టరు తీసేస్తారు, కొందరికి అక్కడితోనే సగం సమస్య తీరుతుంది.

చెవి మిషన్ పెట్టించాల్సి వస్తే ఆడియోగ్రామ్, అంటే ఏ శబ్దం ఎంత వినిపిస్తోందో చూపే పరీక్ష తీయించి, దానికి తగ్గట్టు ట్యూన్ చేయించినదే కొనండి. సంతలో, ఆన్‌లైన్‌లో దొరికే చవక మిషన్లు అన్ని శబ్దాల్నీ ఒకేలా పెంచుతాయి. ఆయనకి కావాల్సింది సన్నటి శబ్దాల్ని మాత్రం పెంచేది. ఎక్కువమంది తప్పటడుగు వేసేది తొలి రెండు వారాల్లోనే. గిన్నెల చప్పుడు, ఫ్యాన్ హోరు ఒక్కసారిగా మీదపడేసరికి తీసి పెట్టెలో పడేస్తారు. మొదటి వారం చప్పుడు లేని గదిలో, ఒక్క మనిషితో, రోజుకు గంట రెండు గంటలు చాలు. మెల్లగా పెంచుకుంటూ పోతే నెలా నెలన్నరలో అలవాటవుతుంది. ఆలోగా రెండు మూడుసార్లు ట్యూనింగ్‌కి తీసుకెళ్లాలి. ఈ మిషన్ మతిని కాపాడుతుందా అన్నది కొంతవరకే తేలింది. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల మధ్యవాళ్లపై మూడేళ్లు జరిపి 2023లో ప్రచురించిన అచీవ్ ప్రయోగంలో అందరినీ కలిపి చూస్తే తేడా కనపడలేదు. బీపీ, షుగర్ లాంటి ముప్పులు ఎక్కువున్న వర్గంలో మాత్రం మతి తగ్గే వేగం 48 శాతం తగ్గింది. బీపీ, షుగర్ ఉన్నాయి కాబట్టి మీ నాన్నగారు ఆ ముప్పు ఎక్కువున్న వర్గానికి దగ్గరగా ఉన్నారు. తెల్ల కార్డు ఉంటే 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన శిబిరాల్లో మిషన్లు, కళ్లద్దాలు ఇస్తారు, గ్రామ సచివాలయంలో అడగండి. మిషన్ వచ్చేలోపు అరవకండి, అరిస్తే అచ్చులే పెరుగుతాయి. వెలుగులో ఎదురుగా కూర్చుని, టీవీ కట్టేసి, నెమ్మదిగా చెప్పండి.

తర్వాత మందులు. ఒక పెద్ద పళ్లెం తీసుకుని ఇంట్లో ఇద్దరూ వాడే ప్రతి స్ట్రిప్పూ, సీసా, పొడీ అందులో వేయండి. తలగడ కింద ఉన్నవీ, చీర కొంగున కట్టుకున్నవీ, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినవీ, మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవీ అన్నీ రావాలి. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చూడండి, కంపెనీ పెట్టిన పేరు కాదు. మీరు వెతకాల్సినవి ఇవి: జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమైన్, దురదకి వేసే ప్రొమెథజీన్, కడుపునొప్పికి డైసైక్లోమిన్, కాళ్ల మంటలకి ఎమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, మానసిక వైద్యం మందులతో జతగా ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్. జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఇవన్నీ అడ్డుకుంటాయి. కుర్రవాడు తట్టుకుంటాడు, డెబ్బై దాటినవారు తికమకపడతారు, మలబద్ధకం, మూత్రం బిగింపు కూడా వస్తాయి. ఒక్కటి కంటే రెండు మూడు కలిస్తే దెబ్బ ఎక్కువ.

నిద్రకని ఏళ్ల తరబడి వేసుకునే ఆల్ప్రజోలమ్ ఇంకో రకం. అది మగతనీ, మతిమరుపునీ, రాత్రి లేచినప్పుడు పడిపోవడాన్నీ కలిపి తెస్తుంది. కానీ దాన్ని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు రాసిన లెక్క ప్రకారం వారాల మీద కొద్దికొద్దిగా తగ్గించాలి. పళ్లెంలో ఏది దొరికినా మీ అంతట మీరు ఆపేయకండి, జాబితా పట్టుకెళ్లండి.

కాళ్ల తిమ్మిర్లకి ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబలిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో మామూలు డోసు కూడా ఒంట్లో పేరుకుని మత్తు, తికమక తెస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు బంధువులుంటే ఈ వాక్యం వాళ్లకి చదివి వినిపించండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఆ ఉద్దానం ప్రాంతంలో ముసలివాళ్లు తికమకపడుతున్నారంటే ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడాలి. కిడ్నీ జబ్బు ముదిరితే అదే మతిని మసకబారుస్తుంది. మోకాళ్ల నొప్పులకి రోజూ మింగే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మాత్రలు కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి, బీపీ కూడా పెంచుతాయి.

షుగర్ విషయంలో జనం ఎక్కువుండడానికే భయపడతారు. ముసలితనంలో తక్కువవడం కూడా అంత చెడ్డది, ఒకోసారి ఇంకా చెడ్డది. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్రలు వేసుకుని కార్తీక సోమవారం ఉపవాసం ఉంటే, రాత్రి అన్నం మానేసి పడుకుంటే షుగర్ 70 కిందికి పడిపోవచ్చు. రాత్రి తికమక, చెమట, పీడకలలు, పొద్దున్నే తలనొప్పి దాని గుర్తులు. నాన్నగారు తికమకపడిన రాత్రి ఆ క్షణంలోనే గ్లూకోమీటర్‌తో చూడండి, పొద్దున్న చూస్తే లాభం లేదు. తక్కువుంటే, మింగగలిగే స్థితిలో ఉంటే, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి పట్టించి పావుగంటకి మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. తీవ్రంగా షుగర్ పడిపోవడం మళ్లీ మళ్లీ జరిగితే మెదడు నష్టపోతుంది. గ్లిబెన్‌క్లమైడ్ ఈ వయసువాళ్లకి తగినది కాదు, మార్చమని అడగండి. ఈ వయసులో, నాలుగు జబ్బులున్నవాళ్లకి మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఎ1సీ 8 లోపు ఉంటే చాలని వైద్యులు సాధారణంగా ఒప్పుకుంటారు. 6.5 కోసం పట్టుబట్టకండి.

బీపీ అసలు నష్టం చేసేది నలభైల్లో, యాభైల్లో. అంటే ఈ మాట మీ నాన్నగారి కంటే మీకే ఎక్కువ. మెదడు లోపలి సన్నటి రక్తనాళాలు ఆ ఇరవై ఏళ్లలోనే గట్టిపడతాయి. 2019లో వచ్చిన స్ప్రింట్ మైండ్ అనే అమెరికా ప్రయోగం ఫలితాల్లో, పై బీపీని 140 బదులు 120 లోపు ఉంచినవాళ్లలో తేలికపాటి మతి తగ్గుదల 19 శాతం తక్కువగా కనిపించింది. అందులో షుగర్ ఉన్నవాళ్లని చేర్చుకోలేదు, కాబట్టి ఆ అంకెను నాన్నగారికి నేరుగా అతికించకూడదు. ఆయనకి చేయాల్సింది, పడుకోబెట్టి ఐదు నిమిషాలయ్యాక ఒకసారి, నిలబడ్డ ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి ఇంకో రెండుసార్లు బీపీ చూడడం. నిలబడగానే పై అంకె 20 పడిపోతే మాత్ర ఎక్కువైందని అనుమానించాలి. అలాంటివాళ్లే రాత్రి లేచి పడిపోతారు. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు. మన వైపు అది కూరలో కంటే ఎండుచేపల్లో, ఆవకాయలో ఎక్కువ పోతుంది.

నెత్తుటి పరీక్షల్లో అడగాల్సినవి: హిమోగ్లోబిన్, సోడియం, క్రియాటినిన్, షుగర్, కాల్షియం, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, బీ12 విటమిన్. మూత్ర పరీక్ష కూడా. బీ12 ను మర్చిపోకండి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్రలు వాడేవాళ్లలో, మాంసం, గుడ్లు, పాలు తినని వాళ్లలో అది తగ్గిపోతుంది. 200 కంటే తక్కువుంటే మతిమరుపు, కాళ్ల తిమ్మిర్లు, తూలుడు రావచ్చు. ఇంజెక్షన్లతో కొన్ని నెలల్లో సర్దుకుంటుంది, ఏళ్లు ఆలస్యమైతే పూర్తిగా సర్దుకోదు.

పొగ, నిద్ర, కళ్లు గురించి తొందరగా చెబుతాను. తీరం వెంబడి ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ నోటి పుండ్లకే పరిమితం అనుకుంటారు, రక్తనాళాలకీ చెరుపే. కట్టెల పొయ్యి పొగ కూడా అంతే, వంటింట్లో గాలి ఆడేలా చూడండి. గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయితే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. శుక్లం ముదిరితే ఆపరేషన్ వాయిదా వేయకండి. కనపడనిది, వినపడనిది మెదడుకు చేరదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల కమిషన్ లెక్క కట్టి చూపించిన 14 సరిచేయగల కారణాల్లో చెవి, కన్ను, బీపీ, షుగర్, చెడు కొలెస్టరాల్, పొగ, మద్యం, తల దెబ్బ, దిగులు, ఒంటరితనం అన్నీ ఉన్నాయి. ఈ పద్నాలుగూ కలిపితే డిమెన్షియాలో సుమారు 45 శాతం వెనక ఇవే ఉన్నాయని ఆ అంచనా.

అమ్మగారి దగ్గరికి వద్దాం. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం, గింజ తీయడం, విల్లుతో ఏకడం, ఏకు చుట్టడం, చరఖా తిప్పుతూ దారం తెగకుండా చెయ్యి వెనక్కి లాగడం. ఇవి చేతులు నేర్చుకున్న పనులు. మెదడులో ఇవి దాచుకునే చోటు వేరు, నిన్నటి సంగతులు దాచుకునే చోటు వేరు. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్, అది మొదట దెబ్బతీసేది రెండోదాన్ని. కాబట్టి నూలు సన్నగా, ఒకే తీరుగా వస్తోందంటే సంతోషమే కానీ, దాన్ని బట్టి మతి బాగుందని తేల్చకూడదు. ఇళ్లల్లో ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. చరఖా దగ్గర కూర్చున్నంతసేపూ ఏ లోటూ కనపడదు.

ఉప్పు సంగతి తేల్చడానికి ఒక మాట అడగండి: వేసిన సంగతి మర్చిపోయి రెండోసారి వేస్తున్నారా, రుచి చూసి చప్పగా ఉందని వేస్తున్నారా? వయసుతో నాలుకా ముక్కూ మొద్దుబారతాయి, అది మతి లోపం కాదు. మర్చిపోయే వేస్తుంటే, మధ్యలో ఎవరైనా పిలిచారా? పని మధ్యలో దృష్టి చెదిరితే ఎక్కడ ఆపామో మర్చిపోవడం ఈ వయసుకు మామూలే. ఉప్పు వేయగానే డబ్బాను పొయ్యికి రెండో పక్కకు జరిపేయడం అలవాటు చేయండి, చాలామందికి అది చాలు. అసలు పరీక్ష కావాలంటే చోడి, అంటే రాగి అంబలి కాయమనండి. పిండి ముందురోజు నానబెట్టడం, నూకలు ఉడికించడం, ఉండ కట్టకుండా పిండి కలపడం, దించి చల్లార్చడం. ఏళ్లుగా చేసిన ఈ వరసలో మెట్టు తప్పిపోతుంటే, లేదా తర్వాత ఏం చేయాలో తోచక నిలబడిపోతుంటే డాక్టరుకి చూపించాలి.

ఆసుపత్రిలో గడియారం బొమ్మ గీయమంటే, ఐదు మూలల బొమ్మలు గీయమంటే అమ్మగారు తప్పొచ్చు. కలం పట్టడం అలవాటు లేనివాళ్లకి ఆ మార్కులు తక్కువే వస్తాయి. నాలుగో తరగతి చదువు అని ముందే చెప్పండి. తేదీ అడిగితే తెలియకపోవడం పల్లెలో మామూలు. సిరిమాను ఏ వారం జరుగుతుంది, పింఛను ఎప్పుడొస్తుంది, సంతలో ఇచ్చిన రెండొందలకి చిల్లర ఎంత రావాలి, ఇవి అడిగితే అసలు స్థితి తెలుస్తుంది. ఇంకో గుర్తు: "నాకేం గుర్తుండట్లేదు బాబూ" అని తనే వాపోతుంటే దిగులు జబ్బు సంగతి కూడా చూడాలి. డిమెన్షియాలో ఎక్కువసార్లు వాపోయేది ఇంట్లోవాళ్లే, మనిషి మాత్రం "నాకేం, బాగానే ఉన్నాను" అంటారు. దిగులుకి మందు, మాట సాయం రెండూ పనిచేస్తాయి. టెలీ మానస్ 14416 కి తెలుగులోనే మాట్లాడవచ్చు. పెద్దవాళ్ల ఇతర అవసరాలకి 14567.

ఏ మందు వాడాలి? ఆరోగ్యంగా ఉన్న ముసలివాళ్లకి మతి పెంచే మాత్ర లేదు. జింకో ఆకు సారం రోజుకు రెండు పూటలా 120 మిల్లీగ్రాములు ఇచ్చి 3,069 మందిపై జరిపిన ప్రయోగం 2008లో ముగిసింది, డిమెన్షియా తగ్గలేదు. పిరాసిటామ్ కలిసిన మెదడు టానిక్కులకీ నమ్మదగ్గ ఆధారం లేదు. డోనెపెజిల్ అల్జీమర్స్ అని తేలినవాళ్లకి కొంత ఉపయోగం, మామూలు మతిమరుపుకి కాదు.

ఆధారం ఉన్నది నడక. వారానికి 150 నిమిషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి, అదే సరైన వేగం. 2011లో వచ్చిన ఒక అమెరికా ప్రయోగంలో 120 మంది పెద్దల్లో, వారానికి మూడుసార్లు నలభై నిమిషాలు నడిచినవాళ్లకి ఏడాదిలో జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది, నడవనివాళ్లలో తగ్గింది. దీనికి కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని ఒంటికాలిపై నిలబడడం కలపండి, పడిపోయే ముప్పు తగ్గుతుంది. ఫిన్లండ్‌లో 1,260 మందితో రెండేళ్లు జరిగిన ఫింగర్ ప్రయోగం 2015లో చూపించింది కూడా ఇదే: తిండి, వ్యాయామం, బుద్ధికి పని, బీపీ షుగర్ల అదుపు అన్నీ కలిపి చేసినప్పుడు మతి పరీక్షల్లో మెరుగుదల కనిపించింది. ఫోన్‌లో పజిళ్లు ఆడితే ఎక్కువగా ఆ పజిళ్లలోనే చురుకుదనం వస్తుంది. నాన్నగారికి పజిల్ కంటే రచ్చబండ మేలు, అది కూడా చెవి బాగుచేశాకే.

మీరు రోజూ ఫోన్ చేసి "తిన్నారా, మందు వేసుకున్నారా" అని రెండు ముక్కలతో పెట్టేస్తుంటే మార్చండి. సంతలో వంకాయ ఎంత పలికింది, చెరువులో నీళ్లు ఎంత మేరకున్నాయి, ఎవరింటికి ఎవరొచ్చారు అని అడగండి. జవాబు కోసం వెతుక్కునే పని వాళ్లది కావాలి. తటపటాయిస్తే వెంటనే అందించకండి, పది లెక్కపెట్టి ఆగండి. భయపడి నాన్నగారిని ఉన్నపళంగా విజయనగరం మార్చకండి. కొత్త ఇంట్లో తలుపు ఎటుందో తెలియక రాత్రి తికమక ఎక్కువవుతుంది. తప్పనిసరైతే ఆయన మంచమే తెచ్చి, ఊళ్లో తల ఎటు పెట్టుకునేవారో అటే పెట్టి, బాత్రూమ్ దారిలో చిన్న బల్బు వెలిగించి ఉంచండి.

రేపటి నుంచి ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. తేదీ, తికమక మొదలైన టైము, అప్పటి షుగర్, బీపీ, ఆ రోజు తాగిన నీళ్లు, విరేచనం అయిందా లేదా, మూత్రం తేలిగ్గా వచ్చిందా, ఏ మాత్ర ఎప్పుడు వేశారు. నాలుగు రోజుల రాత సరిపోతుంది, దానికోసం ఆసుపత్రికి వెళ్లడం ఆపకండి. ఆ పుస్తకం, మాత్రల పళ్లెంలోని స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి జనరల్ మెడిసిన్ ఓపీలో చూపించండి. పరీక్షలన్నీ మామూలుగా వచ్చి, తికమక తగ్గకపోతే అక్కణ్ణుంచి విశాఖ కేజీహెచ్ న్యూరాలజీకి రాయించుకోండి. నెత్తుటి ఫలితాలు, మందుల జాబితా ఇక్కడే రాయండి, క్రియాటినిన్, సోడియం అంకెలు తప్పకుండా చేర్చండి. అవి చూశాక ఏ మాత్ర గురించి డాక్టరుని గట్టిగా అడగాలో చెబుతాను.